ఆ ‘ప్ర’ ఎందుకొచ్చింది?

పాత నోట్సు: డిగ్రీలో సోషియాలజీ మాస్టారు చెప్పిన వాక్యం రెండు రోజులుగా నోట్లో నానుతోంది. “సమాజం ఒక దేహం. గుండెకున్నట్టే గుడికీ బడికీ పెళ్లికీ ఒక ప్ర...” ప్రయోజనమా, ప్రకార్యమా? నోట్సు చెదలు తినేసింది.

ఉపసర్గ: ప్రకార్యమే, ఇంగ్లీషులో ఫంక్షన్: సమాజంలో ఒక్కోటి చేసిపెట్టే పని. ప్రయోజనం అంటే ఎవరో కావాలని పెట్టినట్టుంటుంది. ఫ్రెంచి సోషియాలజిస్టు డర్కైమ్ 1895లోనే తేల్చాడు: ఆచారం ఎందుకు పుట్టిందన్నది వేరు, సమాజానికి ఏం చేసిపెడుతోందన్నది వేరు.

ఛందోభ్రమ: మరి ‘కార్యం’ చాలదా? ‘ప్ర’ తగిలించి ఏం బావుకున్నారు? ఇక్కడ ప్రకర్ష, అంటే ‘ప్ర’ తెచ్చే ఆధిక్యం, ఎక్కడుంది?

ఉపసర్గ: తర్కంలో కార్యం అంటే కారణానికి ఫలితం. ఆ గందరగోళం తప్పించడానికండీ.

గోదారి గట్టు: అదేం కాదు. మా వైపు కార్యం అంటే శోభనం. “కుటుంబం కార్యం” అని పరీక్షలో రాస్తే దిద్దేవాళ్లు నవ్వరూ? అందుకే ‘ప్ర’. నా సొంత సిద్ధాంతం, కాదంటే నిరూపించండి. అన్నట్టు, ఫంక్షన్ అన్నా మనకి వేడుకే కదా. ఫంక్షన్ హాల్లో చదివింపుల బల్ల చూడండి. “ఫలానావారి చదివింపులు వెయ్యి నూటపదహార్లు” అని మైకులో చదివి పుస్తకంలో రాస్తారు. రేపు వాళ్లింట్లో పెళ్లికి ఆ పుస్తకం తీసి, అంతకు తగ్గకుండా చదివిస్తాం. పైకి దీవెన, లోపల చేబదులు. ఫంక్షన్‌కి ఫంక్షన్ అదీ!

ఉపసర్గ: అమెరికన్ సోషియాలజిస్టు మెర్టన్ 1949లో వ్యక్తం (పైకి చెప్పేది), గుప్తం (లోపల జరిగేది) అని ప్రకార్యాల్ని విడదీసింది దీన్నే. అమెరికాలోని హోపీ తెగవాళ్లు వానకోసం క్రతువు చేస్తారు. వాన పడకపోయినా చెల్లాచెదురైన జనం ఒకచోట చేరతారు.

పాత నోట్సు: తక్కువ చదివించారని చుట్టాల మధ్య మాటలు ఆగిపోయేదీ ఆ పుస్తకం వల్లే. దాన్నేమంటారు?

ఉపసర్గ: చెడు చేసే ప్రకార్యం కదా, అపకార్యం అంటే ‘ప్ర’ ఊడిపోతుంది, దుష్ప్రకార్యం అంటే నోరు తిరగదు.

గోదారి గట్టు: ఇంత తంటా ఎందుకు? గురజాడ ఎప్పుడో చెప్పాడు, “సొంత లాభం కొంత మానుకొని” అని.

ఛందోభ్రమ: ‘మానుకు’ అండీ! మూడు, నాలుగు మాత్రల నడక అది. ‘కొని’ పెడితే నాలుగు కాస్తా ఐదై కుంటుతుంది.

ఉపసర్గ: పైగా గురజాడ ‘ఇలా ఉండండోయ్’ అంటున్నాడు. ప్రకార్యవాదం, అంటే సమాజాన్ని ఇలా ప్రకార్యాలతో వివరించే పద్ధతి, ఉన్నదెలా నడుస్తోందో చూస్తుంది, అంతే. ఉన్నదంతా అవసరమే అనిపించేలా చేస్తుందని తిట్లు తిన్నదీ అందుకే.

ఛందోభ్రమ: అది సరే, ‘మానుకు’ ఒప్పుకున్నట్టేనా?

పాత నోట్సు: ఇప్పుడు ఇంకో అనుమానం. “గుడికీ బడికీ” కాదు, “బడికీ గుడికీ” అన్నారేమో.