మానాకి టూరిజం సరిపోతుందా, పాత కనుమ తెరవాలా?

గోదారిగట్టు:
బద్రీనాథ్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఇంకో మూడు కిలోమీటర్లు ముందుకెళ్ళి టిబెట్ సరిహద్దు వైపున్న మానా అనే ఊరు కూడా చూసి వస్తారు. వ్యాస గుహ, భీమ్ పుల్, ఒక టీ, నాలుగు ఫోటోలు. "చివరి గ్రామం" బోర్డు 2023లో "తొలి గ్రామం" అయింది. మరి వాళ్ళ బతుకుతెరువో? అక్కడుండే భోటియాలనే కొండజాతి వాళ్ళు తరతరాల వ్యాపారులు. వేసవిలో మానా కనుమ దాటి టిబెట్‌కి ధాన్యం, బెల్లం, బట్టలు తీసుకెళ్ళి ఉప్పు, ఊలు, వెలిగారం తెచ్చేవారు. 1954 భారత్–చైనా ఒప్పందం వ్యాపారుల రాకపోకలకి పేర్కొన్న ఆరు కనుమల్లో ఇదొకటి. 1962 యుద్ధంతో దారి మూసుకుపోయింది. 2025 ఆగస్టులో లిపులేఖ్, షిప్కీ లా, నాథూ లా కనుమల మీదుగా వ్యాపారం మళ్ళీ మొదలుపెడదామని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. మానాని ఎందుకు వదిలేశారు? తెరవాలనే నేనంటాను.

బెజవాడబాబాయ్:
తెరిస్తే ఏం అమ్ముతారండీ? అయోడిన్ ఉప్పు ప్యాకెట్ ప్రతి కిరాణా కొట్లో దొరుకుతుంటే టిబెట్ ఉప్పు కొనేదెవరు? చైనా సరుకు ఓడల్లో వచ్చి పడుతోంది. 18 వేల అడుగులు ఎక్కించి దించిన సరుకు గిట్టుబాటవుతుందా? యాత్రికులకి గది అద్దెకిస్తే అంతకంటే ఎక్కువే మిగులుతుంది.

మంచుదారి:
మీ ఇద్దరి చూపూ కనుమ మీదే ఉంది. అసలు పోయింది గొర్రెల మందలు. ఆ వ్యాపారంలో చాలా భాగం గొర్రెలు, మేకల వీపు మీదే నడిచింది. ఒక్కోదానికి అటూ ఇటూ చిన్న సంచులు కట్టి, దారంతా మేపుకుంటూ తోలుకెళ్ళేవారు. సరుకు మోసేదీ, ఊలు ఇచ్చేదీ అదే మంద. చలికాలం రాగానే మందతో సహా కింది లోయలకి దిగేవారు. టిబెట్ బేరం పోయాక అంత మందని మేపడం దండగైంది. మంద తగ్గింది, దాంతో ఇంటి ఊలూ తగ్గింది. యుద్ధం తర్వాత సైన్యం కోసం వేసిన రోడ్లతో పాటు అడవి కాంట్రాక్టర్లూ వచ్చారు. 1974లో పక్క నీతీ లోయ వైపు రేణీ ఊళ్ళో చెట్లు నరకనివ్వకుండా వాటిని కావలించుకున్న గౌరా దేవి కూడా భోటియా మనిషే.

1967లో భోటియాలకి ఎస్టీ గుర్తింపు వచ్చింది. చదువులు, ప్రభుత్వ ఉద్యోగాలు అందాయి, చాలా కుటుంబాలు పట్నాల్లో కుదురుకున్నాయి. వాళ్ళ పిల్లలు మళ్ళీ గొర్రెల వెంట నడవాలని మనం ఫ్యాన్ కింద కూర్చుని చెప్పడం బాగోదు. లిపులేఖ్‌ని 1992లోనే తెరిచారు కదా. ఏడాదిలో కొన్ని నెలలే, పర్మిట్లు, అనుమతించిన సరుకుల జాబితా. పాత రోజులు తిరిగి రాలేదు. 2020లో కోవిడ్‌తో అదీ ఆగింది. మానా తెరిచినా అంతే.

ఇందూరుపిల్ల:
అన్నా, మీరు చెప్పింది నిజమే గానీ మగ్గం సంగతి వదిలేశారు. చలికాలానికి బద్రీనాథ్ గుడి తలుపులు మూసే రోజు స్వామికి కప్పే నెయ్యి రాసిన కంబళి మానా ఆడపిల్లలు నేసిందే. ఆ ఊళ్ళో శాలువాలు, టోపీలు, తివాచీలు అమ్మేది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. యాత్ర ఖర్చులో కనీసం 5 శాతం స్థానిక వస్తువుల మీద పెట్టమని 2022 అక్టోబరులో ప్రధాని అక్కడే చెప్పారు. మంచిదే. కానీ ఇది చేత్తో నేసిందా, మిల్లుదా అని అడిగి కొనేవాళ్ళు మనలో ఎంతమంది? ధర దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడతాం.

బెజవాడబాబాయ్:
అది ఒప్పుకుంటానమ్మా. అయినా దారి టూరిజమే. ఏడాది పొడవునా జనం వచ్చేలా చెయ్యాలి.

మంచుదారి:
ఏడాది పొడవునా? బాబాయ్ గారూ, నవంబరులో గుడి మూసేసరికి ఊరివాళ్ళే కిందికి దిగిపోతారు. 2025 ఫిబ్రవరి 28న మానా దగ్గర రోడ్డు పనివాళ్ళ క్యాంపు మీద మంచు చరియ పడింది. 54 మంది చిక్కుకుంటే 8 మంది చనిపోయారు. ఆ చలికాలంలో హోమ్‌స్టేలు నడపమని చెప్పడానికి మనమెవరం? ఆరు నెలలు పైన, ఆరు నెలలు కింద ఉండటం వాళ్ళ పద్ధతి. పథకాలు దానికి తగ్గట్టుండాలి.

గోదారిగట్టు:
కనుమ తెరిస్తే కోట్లు కురుస్తాయని నేననలేదు. టిబెట్ ఊలు మళ్ళీ వస్తే మగ్గానికి పని ఉంటుందనే నా ఆశ. సరే, అది ఢిల్లీ, బీజింగ్ తేల్చాలి. సరిహద్దు గ్రామాల కోసం 2023లో కేంద్రం 4,800 కోట్లతో వైబ్రంట్ విలేజెస్ పథకం పెట్టింది. మానా వరకు ఆ డబ్బు ముందు దేనికి పెట్టాలి? గెస్ట్ హౌస్‌లకా, గొర్రెలు, ఊలు, మగ్గాలకా? నా ఓటు రెండోదానికే.