సమాచార హక్కు చట్టం సెక్షన్ 24 అని తిరస్కరిస్తే మొదటి అప్పీలు ఎలా రాయాలి?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఇన్ఫార్మర్ ముద్ర వేసి మావోయిస్టులు చంపిన మనిషి కుటుంబానికి పరిహారం ఫైలు నోట్‌షీట్ (అధికారులు ఫైల్లో రాసుకున్న అభిప్రాయాల పేజీలు) కావాలి. సమాచార హక్కు దరఖాస్తుకి ‘సెక్షన్ 24, ఇంటెలిజెన్స్ విషయం’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అది నిలవదనే నా నమ్మకం. 24(4) మినహాయింపు రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన సంస్థలకే గానీ, ఇంటెలిజెన్స్ అన్న మాట కనిపించిన ప్రతి ఫైలుకీ కాదు. నోటిఫై అయిన సంస్థ కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారం ఇవ్వాల్సిందే. రెండోదానికి రాష్ట్ర సమాచార కమిషన్ ఆమోదం కావాలి, గడువు 45 రోజులు.

అప్పీలుకి 30 రోజులే. సోర్సుల పేర్లు కొట్టేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడిగితే సరిపోతుందా? పరిహారం ఆపడాన్ని హక్కుల ఉల్లంఘనగా ఒప్పుకున్న కమిషన్ ఉత్తర్వు ఎవరి దగ్గరైనా ఉందా? మరాఠీ అప్పీలు నమూనా ఉన్నా పంపండి, ఆ ఇంట్లో అందరికీ తెలుగే వచ్చు, మరాఠీలో రాసుకోలేరు.