భార్యాభర్తలిద్దరికీ వైకల్యం ఉంటే పెన్షన్ లెక్క మనిషికా, కార్డుకా?

లంకబాబు (సఖినేటిపల్లి)
మన కోనసీమలో ఇంకెవరికైనా ఈ చిక్కు వచ్చిందా? మా చెల్లికి పోలియో. సదరం (వైకల్యం ఎంతో తేల్చే) సర్టిఫికెట్‌లో 45 శాతం రాశారు. బావకి చెవుడు, ఆయనది 50. పెళ్లై రెండేళ్లయింది, కాపురం నరసాపురంలో. ఇద్దరికీ చెరో 6,000 వస్తోంది. చెల్లి పేరు మాత్రం ఇంకా మా అమ్మ రైస్ కార్డులోనే ఉంది. ఆ కార్డు మీద ఒక పెన్షన్ నడుస్తోంది కాబట్టి అమ్మకి 66 ఏళ్లొచ్చినా వృద్ధాప్య పెన్షన్ 4,000 ఇవ్వనన్నారు. పెళ్లయ్యాక ఆలుమగలది ఒకే సంసారం, ఒకే కార్డు, ఒకే పెన్షన్ అని నేనంటాను. కావాలంటే ఆ ఒక్కటీ 8,000 చెయ్యండి. రెండు ఆరువేలంటే పెన్షన్‌కి పెట్టిన నెలకి 10,000 కుటుంబ ఆదాయ పరిమితి దాటిపోలేదా?

రిటైర్డ్ గుమస్తా
10,000 పల్లెలకి. నరసాపురం మున్సిపాలిటీ, అక్కడ 12,000.

మూడుచక్రాలు (అమలాపురం)
లంకబాబు గారూ, కాలు మీ చెల్లిది, చెవి మీ బావది. తాళి కట్టగానే రెండూ కలిసి ఒక జబ్బు అయిపోతాయా? నాకూ మా ఆయనకీ ఇద్దరికీ ఉంది. నా బండికి టైరు మారిస్తే ఆయన చెవి మిషన్‌కి బ్యాటరీ రాదు. ఎవరి ఖర్చు వాళ్లదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చూడండి. ఇలాంటి పథకాల్లో వైకల్యం ఉన్నవాళ్లకి మిగతావాళ్ల కన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని ఉంది. ఆ లెక్క కట్టింది మనిషికి, పొయ్యికి కాదు.

వలుపుకత్తి
నాకు 50, మా ఆవిడకి 45. కార్డు కలిపితే శాతాలూ కలుపుతారా? 95 అంటే 15,000 రావాలి మరి 😀

రిటైర్డ్ గుమస్తా
నవ్వులాటకన్నా సరే, లెక్క తప్పు. ఒకే మనిషికి రెండు వైకల్యాలున్నా నేరుగా కూడరు. పెద్దదాన్ని అలాగే ఉంచి, 90లో అది పోగా మిగిలిన దాంతో చిన్నదాన్ని హెచ్చించి, 90తో భాగించి కలుపుతారు. 50కి 45 కలిస్తే 70 వస్తుంది, 95 కాదు. ఇక 15,000 మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి.

అసలు ప్రశ్న వేరే ఉంది. పట్టణానికి 12,000 పరిమితి, వాళ్లకి వచ్చేది సరిగ్గా 12,000. ఇది దాటినట్టా, దాటనట్టా?

మూడుచక్రాలు
గుమస్తాగారూ, పెన్షన్‌ని ఆదాయంలో కలుపుతారని మీరు ముందే అనేసుకున్నారు. అలాగైతే మంచాన పడ్డవాడు 15,000 తీసుకున్న నెలే అనర్హుడు కావాలి. ఇచ్చిన చేత్తోనే లాక్కుంటారా?

రిటైర్డ్ గుమస్తా
నేను అడిగింది 12,000 గురించి. 15,000 గురించి కాదు.

గట్టుమీద
మొదలయింది 🙏

లంకబాబు
చట్టాలు నాకూ చెప్తారు మేడమ్. మా అమ్మ కొబ్బరి పీచు పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయిన మనిషి. ఒకటో తారీకు సచివాలయం అమ్మాయి మిషన్ పట్టుకుని మా అరుగు మీదే కూర్చుంటుంది. చెల్లి గోదావరి దాటించే పంటు (బల్లకట్టు) దిగి వచ్చి, వేలు పెట్టి, 6,000 ఎంచుకుని వెళ్తుంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. మీకిది న్యాయంగా ఉందా?

మూడుచక్రాలు
మీ అమ్మగారికి రాకపోవడం అన్యాయమే. ఆ ఉక్రోషం కార్డు మీద చూపించాలి గానీ చెల్లి మీద ఎందుకు? ఆవిడ పేరు భర్త కార్డులోకి ఎందుకు మార్చుకోలేదో ఎప్పుడైనా అడిగారా? ఒక కార్డులో రెండు కనపడితే ఒకటి ఆపేస్తారేమోనని భయం. నేను పడ్డాను ఆ టెన్షన్. పెళ్లయ్యాక మూడేళ్లు నా పేరు మా నాన్న కార్డులోనే ఉంచుకున్నాను.

లంకబాబు
భయం ఏమీ లేదు, తెలివి. మొన్న వరదకి పంటు ఆగిపోయి రెండు నెలలు రాలేదు. మూడో నెల వచ్చి 18,000 ఒకేసారి తీసుకుంది. మాకు ఒక్క మాట చెప్పలేదు. ఇంట్లో కాఫీ కూడా తాగలేదు.

వలుపుకత్తి
రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు కదండీ. అది రూలే.

మూడుచక్రాలు
మీకెందుకు చెప్పాలి?

లంకబాబు
ఎందుకా? పెళ్లికి ముందు ఆ డబ్బు ఇంట్లో ఖర్చయ్యేది కాబట్టి. 3,000 ఉన్నప్పటి నుంచీ. 2024 జులైలో 6,000 అయింది, ఆ తర్వాత పెళ్లయింది, ఇక మాకు పైసా లేదు. పెంచిందెవరు? పోలియోకి ఊళ్లన్నీ తిప్పిందెవరు?

మూడుచక్రాలు
పెళ్లికి ముందు ఎవరి చేతికి వచ్చేది?

గట్టుమీద
😶

లంకబాబు
నా చేతికే. ఏం, దొంగతనమా? తను వేలు పెట్టేది, నేను తెచ్చేవాణ్ణి. రొయ్యల చెరువుకి మేత కొన్నాను. ఆ చెరువు తెల్లమచ్చ తెగులుతో పోయింది. లేకపోతే తనకీ ఇచ్చేవాణ్ణి.

మూడుచక్రాలు
అదీ సంగతి. ఇంతసేపూ కార్డుకా మనిషికా అని కొట్టుకున్నాం. మీకు కార్డుతో పేచీ లేదండీ. ఆ డబ్బు ఆవిడదా, ఇంటిదా అన్నదే మీ పేచీ. పెళ్లి కాకముందు ఇంటిది అన్నారు. పెళ్లయ్యాక మొగుడి లెక్కలో కలిపెయ్యమంటున్నారు. ఆవిడది ఎప్పుడండీ? మా మరిది కూడా మీలాగే. మొదటి ఏడాది నా పెన్షన్ పుస్తకం ఆయన బీరువాలో ఉండేది. అడిగితే "వదినా, పోతుందేమోనని దాచాను" అనేవాడు.

లంకబాబు
నన్ను మీ మరిదితో కలపకండి.

రిటైర్డ్ గుమస్తా
వ్యక్తిగతం వద్దు. బాబూ, ముందు కార్డు సంగతి చూసుకోండి. పెళ్లయినట్టు కాగితం ఉంటే చెల్లెలి పేరు మీ కార్డులోంచి తీయించమని అడగొచ్చు. అప్పుడు మీ అమ్మగారి దరఖాస్తుకి అడ్డం ఉండదు. భర్త కార్డులోకి మారితే అక్కడ రెండో పెన్షన్ ఉంచుతారా లేదా అన్నది లిఖితపూర్వకంగా అడిగించుకోండి, నోటిమాట నమ్మొద్దు. నాన్నగారు ఉన్నారా?

లంకబాబు
లేరు.

రిటైర్డ్ గుమస్తా
ఆయన వృద్ధాప్య పెన్షన్ తీసుకునేవారా? 2024 నవంబరు నుంచి, అలా తీసుకుంటున్న భర్త పోతే భార్యకి మరుసటి నెల నుంచి 4,000 ఇవ్వడం మొదలైంది.

లంకబాబు
అంతకు చాలా ముందే పోయారండి.

వలుపుకత్తి
అయితే కార్డు ఒక్కటే దారి. చెల్లెమ్మ సంతకం లేకుండా మాత్రం వెళ్లకండి.

లంకబాబు
సంతకానికి నేను వెళ్తే తలుపు తీస్తుందో లేదో. అమ్మని పంపిస్తాను. చెరువు సంగతి ఇక్కడ రాయకుండా ఉండాల్సింది.

మూడుచక్రాలు
అమ్మగారు ఒక్కరే వెళ్లాలి. మీరు పంటు దాకా దింపండి, చాలు.

గట్టుమీద
ఇవాళ పంటు నడుస్తోందా ఇంతకీ?