ఫ్లైట్ సిమ్ ఆడేవాళ్ళకి నెట్ ఖర్చు ఎట్టా? నెల్లూరు, ఒంగోలు వాళ్ళు చెప్పండి

పెన్నా_పైలట్ (నెల్లూరు):
అన్నలూ, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 (కంప్యూటర్లో విమానం నడిపే గేమ్) కొన్నా. గేమ్‌కి ఒకసారి కడితే అయిపోయింది, నెట్ ఖర్చే తెగడంలా. మా ఫైబర్ ప్లాన్‌కి నెలకి ఇంత అని లిమిట్ ఉండాది, అది దాటితే స్పీడ్ పడిపోయి పెద్ద సిటీల మీద బిల్డింగులన్నీ కరిగిన మైనంలాగా కనపడతాయి, ఇంట్లో చెల్లెలి ఆన్‌లైన్ క్లాసు ఆగిపోద్ది, నాయన గొడవ. మీరు ఎట్టా నెట్టుకొస్తుండారు?

ఒంగోలు_ఫస్టాఫీసర్:
తమ్ముడూ, 2020లో వచ్చినదానికీ దీనికీ తేడా అక్కడే. పాతది వంద జీబీ అటూఇటూ ముందే దించి డిస్కులో పెట్టుకునేవాళ్ళం, నేల ఫోటోలు మాత్రం నెట్ నుంచి వచ్చేయి. 2024 నవంబరులో వచ్చినదాంట్లో ఇన్‌స్టాల్ సైజు తగ్గించారు గానీ విమానాలు, ఎయిర్‌పోర్టులు కూడా చాలావరకు ఆడేటప్పుడే దిగుతాయి. సెట్టింగ్స్‌లో ఫోటోగ్రామెట్రీ (ఫోటోల నుంచి తయారుచేసిన 3డీ బిల్డింగులు) ఆపెయ్, రోలింగ్ క్యాష్ (దిగిన డేటాని డిస్కులో దాచిపెట్టే చోటు) సైజు పెంచు. తిరిగిన దారి డిస్కులో ఉండిద్ది కాబట్టి రేణిగుంట నుంచి గన్నవరం మళ్ళీ మళ్ళీ తిప్పినా అంతా కొత్తగా దిగదు. కొత్త ఊళ్ళ మీద తిరిగితే మాత్రం అయిద్ది డేటా, తప్పదు.

కందుకూరు_వింగ్స్:
మా ఊళ్ళో మొబైల్ హాట్‌స్పాటే దిక్కు, రోజుకి 2 జీబీ. అందుకే ఎక్స్‌ప్లేన్ 12 అనే ఇంకో సిమ్ వాడతా. సీనరీ మొత్తం డిస్కులోనే, దించేటప్పుడు ఒకసారి ఒంగోల్లో ఫ్రెండ్ వాళ్ళ ఇంట్లో దించుకుని హార్డ్ డిస్కులో తెచ్చుకున్నా, ఎగరడానికి నెట్ అక్కర్లా. నేల అంత అందంగా ఉండదు నిజమే, కానీ విమానం చేతిలో ఎట్టా తిరుగుతుందో చూస్తే నాకదే ముఖ్యం. రూపాయి పెట్టలేనోళ్ళకి ఫ్లైట్‌గేర్ అనే సిమ్ ఉంది, పూర్తిగా ఫ్రీ.

పెన్నా_పైలట్:
వ్యాట్‌సిమ్‌కి (సిమ్ ఆడేవాళ్ళు ఆన్‌లైన్లో కలిసి ఎగిరే, మనుషులే ట్రాఫిక్ కంట్రోలర్లుగా మాట్లాడే నెట్‌వర్క్) కూడా నెలనెలా కట్టాలా? ఇంకొకటి, ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది గదా, నాయన అదేదో కేసు అవుద్దేమో అంటుండాడు.

ఒంగోలు_ఫస్టాఫీసర్:
2025 చట్టం ఆపింది డబ్బులు పందెం కాసే ఆటల్ని. మనది కొనుక్కుని ఆడుకునేది, దానికి సంబంధం లేదు, నాన్నగారికి అట్నే చెప్పు.

వ్యాట్‌సిమ్ 2001 నుంచీ ఫ్రీనే. కంట్రోలర్లుగా కూర్చునేది అంతా వాలంటీర్లు, జీతం లేకుండా చేస్తారు, కాబట్టి మర్యాదగా మాట్లాడు. చేరేటప్పుడు చిన్న పరీక్ష ఉండిద్ది. డేటా కూడా తక్కువే, పోయేది నీ పొజిషనూ గొంతూ అంతే. డబ్బులు పోయేది చార్టుల (పైలట్లు వాడే ఎయిర్‌పోర్టు, దారి మ్యాపులు) దగ్గర. చార్టులిచ్చే నవీగ్రాఫ్ సబ్‌స్క్రిప్షన్ బాగుంటుంది, 28 రోజులకోసారి అప్‌డేట్ వచ్చిద్ది. మన దేశంలోనే ఎగిరేవాడికి అది అక్కర్లేదనేది నా మాట, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళ ఈ-ఏఐపీలో (ఆన్‌లైన్లో పెట్టే విమాన సమాచార పుస్తకం) చెన్నై చార్టులు ఫ్రీగా ఉన్నాయి. ఫ్లైట్ ప్లాన్‌కి సిమ్‌బ్రీఫ్, విమానానికి ఫ్లైబైవైర్ ఏ320, రెండూ ఫ్రీ.

కందుకూరు_వింగ్స్:
మన రెండు జిల్లాల్లో ఎక్కడానికి ఒక్క ఎయిర్‌పోర్టు లేదు, దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఎన్నేళ్ళ నుంచో వింటున్నాం. 2022 డిసెంబరులో కొరిశపాడు హైవే రన్‌వే మీదికి ఎయిర్ ఫోర్స్ విమానాలు ట్రయల్‌కి వచ్చినప్పుడు జనం ఎట్టా చూశారో! మనకి ఈ సిమ్మే విమానం, ఖర్చు తగ్గించుకునైనా వదలకూడదు.

పెన్నా_పైలట్:
ఫోటోగ్రామెట్రీ ఆపి చూశా, ఇప్పుడు నాయన ఫోన్‌లో వార్తలు ఆగకుండా వస్తుండాయి. రాత్రికి పరీక్ష రాస్తా. జాయ్‌స్టిక్ సెకండ్ హ్యాండ్‌ది మద్రాసు రిచీ స్ట్రీట్‌లో దొరుకుద్దా? కొనేముందు ఏం చూసుకోవాలి?

కందుకూరు_వింగ్స్:
దొరకొచ్చు. షాపులోనే ల్యాప్‌టాప్‌కి పెట్టి, స్టిక్ వదిలేస్తే మధ్యలోనే నిలబడుతుందా, ట్విస్ట్ చేస్తే వణుకుతుందా చూడు. వణికితే కొనమాక.