కబడ్డీ ఆడే పిల్లాడు ఇంట్లో చెయ్యందిస్తాడా?

చింతచెట్టు: మావాడు తొమ్మిదో తరగతి, స్కూల్ కబడ్డీ జట్టులో ఉన్నాడు. ఆటలాడే పిల్లలకి సాయం చేసే గుణం దానంతటదే వస్తుందని మొన్న పీఈటీ సారు అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. కోర్టులో పక్కవాడి చెయ్యి వదలడు. ఇంట్లో మా అత్తగారు 20 లీటర్ల నీళ్ల క్యాన్ దొర్లించుకుంటూ వస్తే సోఫాలోంచి కాళ్లు పైకెత్తి దారిచ్చాడు. అంతే సాయం.

మాజీ కార్నర్: సారు మాటలో నిజం ఉందండీ. కార్నర్‌లో, అంటే వరుస చివర, ఉన్నవాడు రైడర్ (కూతకొచ్చినవాడు) మడమ అందుకున్నాడంటే కవర్, అంటే పక్కనుండి ఆదుకునేవాడు, వచ్చి మీద పడాలి. క్షణం ఆలస్యమైతే పట్టు జారి కార్నర్ ఔట్. పక్కవాడి వేళ్లు బిగుసుకుంటే చాలు, దూకబోతున్నాడని తెలిసిపోతుంది. అడగకముందే అవసరం కనిపెట్టడం నాకు అక్కడే అబ్బింది. ఇప్పటికీ బస్సులో ఎవరైనా తూలితే బుర్రకన్నా ముందు చెయ్యి వెళ్తుంది.

ఎర్రమట్టి: వెళ్తుంది సరే, ఎవరి వైపు? 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త 22 మంది మగపిల్లల్ని రెండు గుంపులు చేసి బేస్‌బాల్, తాడులాగుడు పోటీలు పెట్టాడు. సొంత గుంపులో ఎక్కడలేని ఐకమత్యం. అవతలివాళ్ల జెండా మాత్రం తగలబెట్టారు, గదుల మీద పడ్డారు. తర్వాత తిండి తెచ్చే ట్రక్కు మొరాయించినట్టు నాటకమాడితే అందరూ కలిసి లాగారు. అదీ ఆ పోటీ తాడుతోనే! పిల్లల్ని ఉసిగొల్పారని ఆ ప్రయోగం మీద విమర్శలున్నాయనుకోండి. కానీ కలిసి లాగడం వాళ్లకి ముందూ వచ్చు, తర్వాతా వచ్చు. మారిందల్లా 'మనవాళ్లు' ఎవరన్న లెక్కే.

మాజీ కార్నర్: మరి క్రికెటర్ గుండప్ప విశ్వనాథ్? 1980 బొంబాయి టెస్టులో ఇంగ్లండ్ 5 వికెట్లు పోయి ఇబ్బందిలో ఉంటే, అంపైర్ పొరపాటున ఔటిచ్చిన బాబ్ టేలర్‌ని కెప్టెన్‌గా వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం 10 వికెట్ల తేడాతో ఓడాం. ఆయన లెక్కలో అవతలివాడు లేడంటారా?

ఎర్రమట్టి: నలభై ఏళ్లు దాటినా ఆ ఒక్క పేరే చెబుతున్నారంటే మిగతా కెప్టెన్ల సంగతి మీరే ఒప్పుకున్నట్టు.

చింతచెట్టు: మీ ఇద్దరి మాటా విని నిన్న సాయంత్రం ఓ ప్రయత్నం చేశాను. "ఒరేయ్, నానమ్మ రైడ్‌కి వెళ్తోంది, కవర్ ఎవరు?" అన్నాను. "రైడ్‌కి ఒక్కళ్లే వెళ్తారమ్మా, కవర్ ఉండదు" అన్నాడు. అయినా నవ్వుతూ లేచి క్యాన్ అందుకున్నాడు. ఇవాళ పొద్దున మళ్లీ క్యాన్ వచ్చింది. మళ్లీ కాళ్లు పైకెత్తాడు.