తెలియక చీమని తొక్కితే పాపమా కాదా? బుద్ధుడి మాటా, మహావీరుడి మాటా?

సందేహాలరావు:
ఆఫీసులో నా పక్క సీటతను జైన్, పొద్దుగూకకముందే డబ్బా ఖాళీ చేసేస్తాడు, ఉల్లి వెల్లుల్లి ఆలుగడ్డ ఏదీ ముట్టడు. నిన్న మెట్ల మీద చీమల బారు ఉంటే చూస్కోకుండా తొక్కేశా, అతను అయ్యో అన్నాడు, కావాలని చేయలేదు కదా బ్రో ఇంక పాపం ఎక్కడిది అన్నా. నవ్వేసి అచ్చం బౌద్ధుడిలా మాట్లాడుతున్నావ్ అన్నాడు. నేనేమో ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకుంటున్నా, స్కూల్లో చెప్పింది అంతే కదా, ఇద్దరూ వేదాల్ని కాదన్నారు, ఇద్దరిదీ అహింస, రెండు మార్కులు. అసలు తేడా ఏంటండీ?

తెల్లకాగితం:
నువ్వన్నది కరెక్టే. బుద్ధుడు చేతననే కర్మ అంటాను అన్నాడు, మనసులో సంకల్పం లేకపోతే కర్మ లేదు. ధమ్మపదం మొదటి గాథకి రాసిన వ్యాఖ్యానంలో (అట్టకథ) చక్ఖుపాలుడని చూపు పోయిన భిక్షువు కథ ఉంటుంది, వానపడ్డ రాత్రి పచార్లు చేస్తుంటే కాళ్ళకింద బోలెడు పురుగులు చచ్చాయి, మిగతా భిక్షువులు వెళ్ళి కంప్లైంట్ చేశారు. ఆయన తొక్కుతుంటే మీరు చూశారా అని బుద్ధుడు అడిగితే లేదన్నారు, మీరు ఆయన్ని చూడనట్టే ఆయనా పురుగుల్ని చూడలేదు, దోషం లేదు అన్నాడు. కేసు క్లోజ్.

కొలనుపాక పిలగాడు:
అంత జల్ది క్లోజ్ చేస్తె ఎట్లన్నా. ఈ వాదన మీద జైనులు ఎప్పుడో జోకేసిన్రు. సూత్రకృతాంగం అని జైనుల పాత గ్రంథంల ఒక బౌద్ధునితోని ఇట్ల అనిపిస్తరు: మనిషిని తెలగపిండి ముద్ద అనుకొని శూలానికి గుచ్చి కాల్చినా హత్య కాదు, పసిపిల్లను సొరకాయ అనుకున్నా గంతే, గదే తెలగపిండిని మనిషి అనుకొని పొడిస్తె మాత్రం హత్య! గిదేం లెక్క అని జైనుల తరఫున ఆర్ద్రకుడు దులిపేస్తడు. జైనులకు కర్మ అంటే మనసుల మాట ఒక్కటే కాదు, అది సూక్ష్మమైన పదార్థం, నూనె రాసుకున్న ఒంటికి దుమ్ము అంటినట్టు జీవునికి అంటుకుంటది, కొత్తది రాకుండ ఆపాలె, పాతది తపస్సుతోని రాల్చాలె. బౌద్ధులు అసలు ఆత్మే లేదంటరు, ఇగ దేనికి అంటుకుంటది? అందుకే భిక్షువు మాంసం తిన్నా నాకోసం కోసిండ్రని చూడలే, వినలే, అనుమానం లే అని చెప్పి తప్పిచ్చుకుంటడు.

తెల్లకాగితం:
తప్పించుకోవడం కాదు తమ్ముడూ, అడుక్కుని తినేవాడు మెనూ అడగలేడు కదా. సరే, నాలందలో మహావీరుడి శిష్యుడు ఉపాలి కథ చూడు. మనోకర్మ కంటే కాయకర్మే పెద్దదని వాదించడానికి వెళ్ళాడు. బుద్ధుడు అడిగినవాటిలో ఒకటి ఇది, మీ నిగంఠుడు (జైన సాధువు) ఎంత జాగ్రత్తగా నడిచినా చిన్న చిన్న జీవులు చస్తాయి కదా, దానికి మీ గురువు ఏమంటాడు? అనుకోకుండా జరిగింది కాబట్టి పెద్ద దోషం కాదంటాడు అన్నాడు ఉపాలి. అనుకుని చేస్తే? పెద్ద దోషమే. మరి ఆ అనుకోవడం ఏ లెక్కలోకి వస్తుంది? మనసు లెక్కలోకే అని ఒప్పుకోవాల్సొచ్చింది.

కొలనుపాక పిలగాడు:
బౌద్ధులు రాసుకున్న కథల బౌద్ధుడే గెలుస్తడు. ఏం ఆశ్చర్యం?

తెల్లకాగితం:
నీ తెలగపిండి కథ ఎవరు రాశారో మరి 😄

గుంటూరు గొడ్డుకారం:
చచ్చిన చీమకి ఇద్దరూ ఒకటే. పనులు చూస్కోండి.

పాతరాతలు:
ఇద్దరూ ఎదుటివాళ్ళ మాటని కార్టూన్ చేసి కొట్టుకుంటున్నారు. జైనులకి మనసు లెక్క లేదన్నది తప్పు. జైనుల తత్త్వార్థసూత్రంలో హింసకి నిర్వచనమే "ప్రమత్తయోగాత్ ప్రాణవ్యపరోపణం హింసా", అంటే ఏమరుపాటుతో ప్రాణం తీయడం. కుందకుందాచార్యుడు (మన అనంతపురం జిల్లా కొనకొండ్ల ఆయన ఊరని చెప్తారు) ప్రవచనసారంలో ఇంకా గట్టిగా అన్నాడు, జీవి చచ్చినా బతికినా సరే, ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా తిరిగేవాడికి హింస ఖాయం, చూసి నడిచేవాడికి మాత్రం కాలికింద ప్రాణం పోయినంత మాత్రాన కర్మబంధం లేదు. అటు బౌద్ధంలోనూ తెలియక చేస్తే ఏం కాదు అని తేలిగ్గా వదిలెయ్యలేదు. మిలిందపన్హలో (మిలింద రాజు ప్రశ్నలకి బౌద్ధ భిక్షువు జవాబులు చెప్పే పుస్తకం) నాగసేన భిక్షువు తెలియక చేసినవాడికే ఎక్కువ పాపం అంటాడు, ఎర్రగా కాలిన ఇనపగుండు అని తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుంది కదా అని మిలిందుడినే ఎదురు అడుగుతాడు. కాబట్టి నా లెక్కలో బౌద్ధుడు అడిగేది అనుకున్నావా అని, జైనుడు అడిగేది చూశావా అని. అనుకోలేదు, కానీ చూడనూ లేదు, ఆ మధ్యలో ఇరుక్కున్నవాడి దగ్గరే అసలు గొడవ. ఇంతకీ రావుగారూ, మెట్లు దిగేటప్పుడు ఏం చేస్తున్నారు?

సందేహాలరావు:
ఫోన్ చూస్తున్నానండీ. రీల్స్.

కొలనుపాక పిలగాడు:
అయిపాయె 😂 చక్ఖుపాలునికి కండ్లు లెవ్వు, నీకేమైంది అన్నా.

తెల్లకాగితం:
ఇది నేనూ డిఫెండ్ చేయలేను. బౌద్ధంలో కూడా అప్పమాదం అంటే ఏమరుపాటు లేకపోవడం, చనిపోయే ముందు బుద్ధుడి ఆఖరి మాటల్లో ఉన్నది అదే.

సందేహాలరావు:
అప్‌డేట్. ప్రవచనసారం సంగతి మా వాడికి చెప్పా, చూసి నడిస్తే చాలంట కదా అని. వాళ్ళు శ్వేతాంబరులంట, కుందకుందుడు దిగంబరుల ఆచార్యుడు, ఆ పుస్తకం మా ఇంట్లో చదవరు అన్నాడు.

పాతరాతలు:
తత్త్వార్థసూత్రం చెప్పండి. అది ఇద్దరూ ఒప్పుకునేదే.

కొలనుపాక పిలగాడు:
తెలగపిండి గుడ చెప్పు, సూత్రకృతాంగం వాళ్ళ శ్వేతాంబరుల అంగాలల్లదే (మూల గ్రంథాలు).