ల్యాబ్‌లో చూసిన రిపోర్టు పెళ్లివాళ్ళకి చెప్పొచ్చా?

బ్యారేజీ కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇది నా సంగతి కాదు, మా ఫ్రెండ్‌ది. సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తాడు. పోయిన వారం ఒకతను రక్తపరీక్షకి వచ్చి వెళ్లాడు. సుఖవ్యాధి ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. పేరు, ఊరు చూస్తే ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడట. ఇంటికెళ్లి చూస్తే ఆ పేరు శుభలేఖలో ఉంది. వాళ్ళ వీధిలో అమ్మాయికి కుదిరిన పెళ్లికొడుకే. ముహూర్తం ఇంకా పంతొమ్మిది రోజులు. శుభలేఖ వీళ్ళింట్లో ఫ్రిజ్ మీదే ఉంది, అంచుల పసుపు చేతికి అంటుతోంది ఇంకా. మూడు రోజుల నుంచి వాడికి నిద్ర లేదు. చెప్పాలా, నోరు మూసుకోవాలా?

మిర్చియార్డు:
ఫ్రెండ్ అంటే నువ్వేగా.

బ్యారేజీ కుర్రాడు:
కాదు బాబాయ్, ఒట్టు. నేను సెల్ షాపు.

పటమట శివ:
ఇందులో అడగడానికేముంది? ఈ రాత్రికే వెళ్లి అమ్మాయి తండ్రిని బయటికి పిలిచి చెప్పాలి. రేపు ఆ పిల్లకి ఏదైనా అయితే పాపం మీ ఫ్రెండ్‌దే.

బ్రాడీపేట ప్లీడరు:
చెప్పకూడదు. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి ఒప్పుకోకుండా అతని సంగతి బయటపెట్టకూడదని 8వ సెక్షన్ చెబుతుంది. భాగస్వామికి చెప్పే వీలు 9వ సెక్షన్‌లో ఉంది, కానీ ఒక్క డాక్టరుకీ కౌన్సిలరుకీ మాత్రమే. అదీ ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి నువ్వే చెప్పమని నచ్చజెప్పాలి, అతను చెప్పడని తేలాలి, ఇక నేను చెబుతున్నానని అతనికి తెలియజెయ్యాలి. ఇందులో ల్యాబ్ టెక్నీషియన్ ఎక్కడున్నాడు?

పటమట శివ:
1998లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది ప్లీడరు గారూ? హెచ్‌ఐవీ ఉందని ఆసుపత్రి బయటపెట్టింది, నా పెళ్లి ఆగిపోయింది అని ఒకాయన కేసేస్తే ఆసుపత్రి తప్పు లేదంది. గోప్యత కంటే పెళ్లికూతురి ప్రాణం ఎక్కువంది. ఇంకేం కావాలి?

బ్రాడీపేట ప్లీడరు:
ఆ తీర్పులో పెళ్లి హక్కు గురించి అన్న మాటలు అనవసరమని 2002లో ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. అది కూడా చదవండి. పైగా చట్టం వచ్చింది ఆ తర్వాత. ఇంకో మాట. ఆ చట్టంలో భాగస్వామి అంటే భార్యో భర్తో, లేదా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నవాళ్ళు. నిశ్చితార్థం అయినవాళ్ళు అందులోకి వస్తారా అన్నదే అనుమానం.

పటమట శివ:
అంటే తాళి కట్టేదాకా చెప్పకూడదు, కట్టాక చెప్పొచ్చా? అంటుకున్నాక తెలిస్తే ఏం లాభమండీ?

బ్రాడీపేట ప్లీడరు:
చట్టం అలా రాశారు. నేను రాయలేదు.

మిర్చియార్డు:
నిశ్చితార్థంలో ఉంగరాలు మార్చుకున్నారా, తాంబూలాలేనా? సెక్షన్ మారుతుందేమో.

బ్రాడీపేట ప్లీడరు:
నవ్వులాట కాదు. తాంబూలాలకి చట్టంలో విలువ లేదు.

(దీని మీదే ఇంకో పదకొండు పోస్టులు వచ్చాయి. తాంబూలాల చర్చ వేరే థ్రెడ్‌లోకి మార్చాను. - మోడరేటర్)

సత్యవతి గుంటూరు:
నేను మామూలుగా చదివి ఊరుకుంటాను. ఇది చూసి ఉండలేకపోయాను. 2011లో నేను రెండోసారి కడుపుతో ఉన్నాను, ఐదో నెల. కొత్తపేటలో డాక్టరమ్మ మామూలుగా రాసే రక్తపరీక్షలన్నీ రాసింది. సాయంత్రం నేను బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడు కౌంటర్‌లో అబ్బాయి రిపోర్టు మా అత్తగారి చేతికిచ్చాడు. ఒక్క లైను చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది, వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ అని. అంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందేమో అని. ఆవిడకి ఇంగ్లీషు రాదు. పక్క కుర్చీలో ఆయన్ని చదవమంది. ఆయన చదివాడు, కాయితం తిరిగిచ్చాడు, లేచి వెళ్లి ఇంకో కుర్చీలో కూర్చున్నాడు.

నేను వచ్చేసరికి ఆవిడ నా మొహం చూడలేదు. ఆటోలో మాట్లాడలేదు. ఇంట్లో నా గ్లాసు వేరే పెట్టింది. నాలుగు రోజులకి అది నిజమో కాదో తేల్చే టీపీహెచ్‌ఏ అని ఇంకో టెస్టు చేయించారు, ఏమీ లేదని వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు ఒక్కోసారి మొదటి టెస్టు ఇలా తప్పు చూపిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండో కాయితం ఇప్పటికీ బీరువాలో ఉంది. చూపిద్దామంటే అడిగినవాళ్ళు లేరు. మొదటి కాయితం సంగతి మాత్రం మా ఆయన మేనత్త దాకా వెళ్లింది. మీ ఫ్రెండ్‌తో ఒక్కటే చెప్పండి, అది వాడి రిపోర్టు కాదు.

పటమట శివ:
మేడమ్, మీకు జరిగింది అన్యాయమే. కాదనను. కానీ మీది తప్పుడు రిపోర్టు, మా అక్కది నిజం రిపోర్టు. 2003లో పెళ్లి చేశాం. బావకి ఆటోనగర్‌లో సొంత షెడ్డు, మంచి సంబంధం అన్నారు. మూడేళ్ళకి బావ పోయాడు. టీబీ అన్నారు. అప్పుడు అక్కకి టెస్టు చేస్తే హెచ్‌ఐవీ. ఈరోజుకీ మందులు వాడుతోంది, ఒక్క పూట తప్పలేదు. మందులకి నేనే బండి మీద తీసుకెళ్తాను. ఎండలు ముదిరినా మొహానికి చున్నీ తియ్యదు. ఒక్క మగాడు ముందు నోరు తెరిచి ఉంటే మా అక్క బతుకు ఇలా ఉండేదా? గోప్యత గోప్యత అంటారు. ఎవడి గోప్యత?

ఐసీటీసీ కౌన్సిలర్:
నేను ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సిలర్‌ని. శివ గారూ, మీ అక్కగారు ఆగకుండా మందులు వాడుతున్నారు, అది చిన్న విషయం కాదు. వైరస్ టెస్టుకి అందనంత తగ్గి అలాగే ఉంటే వేరేవాళ్ళకి కలయిక వల్ల అంటదు. ఇది చాలామందికి తెలియదు. బ్యారేజీ గారూ, అసలు ఏ టెస్టు? హెచ్‌ఐవీ అని మీరెక్కడా రాయలేదు.

బ్యారేజీ కుర్రాడు:
అడిగి చెబుతానండి.

బ్యారేజీ కుర్రాడు:
వీడీఆర్‌ఎల్ అట. 1:4 అని ఉందట. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రెండూ నెగెటివ్.

మిర్చియార్డు:
ఇంతసేపూ లేని జబ్బుకి సెక్షన్లు చెప్పుకున్నామన్నమాట.

ఐసీటీసీ కౌన్సిలర్:
అంటే సిఫిలిస్ అనుమానం. అనుమానమే. 1:4 అంటే తక్కువ. తప్పుగా వచ్చి ఉండొచ్చు, ఎప్పుడో నయమైనదాని గుర్తు మిగిలి ఉండొచ్చు, నిజంగా ఇప్పుడు ఉండొచ్చు కూడా. సత్యవతి గారికి చేసినట్టే రెండో టెస్టు చెయ్యాలి. నిజమే అయితే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఉంది. మొదటి దశల్లో ఒక్క డోసు చాలు, పాతదైతే వారానికొకటి చొప్పున మూడు. పంతొమ్మిది రోజుల్లో ఇదంతా మొదలుపెట్టొచ్చు. ఆ అబ్బాయి డాక్టరుకి చూపించాడా?

బ్యారేజీ కుర్రాడు:
లేదండి. రిపోర్టే తీసుకెళ్లలేదట. వాట్సాప్‌లో పంపొద్దు, వచ్చి తీసుకుంటానన్నాడు. రాలేదు. కవరు ఇంకా డ్రాయర్‌లోనే ఉంది.

బ్రాడీపేట ప్లీడరు:
అయితే అతనికే తెలియదు! మోసం అన్న మాటే రాదు. హెచ్‌ఐవీ చట్టం దీనికి వర్తించదు, ఒప్పుకుంటున్నాను. డాక్టర్లకి 2002 నాటి నియమావళి ఉంది. ఒక నిర్దిష్టమైన మనిషికి తీవ్రమైన ప్రమాదం ఉంటే రోగి రహస్యం చెప్పొచ్చని అందులో ఉంది. కానీ అదీ డాక్టరుకే. మీ ఫ్రెండ్ వెళ్లి ఆ ల్యాబ్ డాక్టరుకి చెప్పాలి. ఆయన అబ్బాయికి ఫోన్ చేసి రెండో టెస్టుకి పిలవాలి.

పటమట శివ:
మళ్ళీ డాక్టరు, మళ్ళీ ఫోను. వాడు ఫోన్ ఎత్తకపోతే? ముహూర్తం ఆగుతుందా? మీకు బెజవాడ తెలీదు. ఈ లోపు అమ్మాయి నాన్నకి ఒక మాట చెవిన వేస్తే మగపెళ్లివారిని ఆయనే నిలదీస్తాడు. పెద్దవాళ్ళు చూసుకుంటారు.

సత్యవతి గుంటూరు:
పైకి వెళ్లి మీ పోస్టులు మీరే చదువుకోండి. అమ్మాయి తండ్రి, పెద్దవాళ్ళు. అమ్మాయికి చెబుదాం అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఒళ్ళు ఆ పిల్లది.

పటమట శివ:
అమ్మాయికి చెబితే ఏం చేస్తుంది? ఏడుస్తుంది. నిర్ణయం తీసుకునేది ఇంటి పెద్ద. మీకేం, చదువుకున్నారు, ఇక్కడ కూర్చుని

(మిగతా వాక్యం, దానికి వచ్చిన రెండు జవాబులు తీసేశాను. అక్కచెల్లెళ్ళ జోలికి వెళ్లొద్దు. - మోడరేటర్)

సత్యవతి గుంటూరు:
నేను తిట్టడానికి అడగట్లేదు శివ గారూ. మీ బావ సంగతి పెళ్లికి ముందు ఎవ్వరికీ తెలియదా? నిజంగా ఎవ్వరికీ?

మిర్చియార్డు:
వదిలెయ్ అక్కా.

పటమట శివ:
రెండుసార్లు రాసి కొట్టేశాను.

మా పెదనాన్నకి తెలుసు. పెళ్లికి వారం ముందు ఆటోనగర్‌లో ఎవరో చెప్పారట, వాడికి ఒంట్లో బాగోలేదు, ఫలానా మందులు వాడుతున్నాడు అని. పెదనాన్న మా నాన్నకి చెప్పాడు. కార్డులు పంచేశాం, వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశాం, ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఎవడో గిట్టనివాడి మాటలే అనుకుని ఊరుకున్నారు. నాకు ఈ సంగతి నాన్న పోయాక తెలిసింది. అక్కకి ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు.

ఐసీటీసీ కౌన్సిలర్:
శివ గారూ, మాట్లాడాలనిపిస్తే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి చెయ్యండి. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

బ్రాడీపేట ప్లీడరు:
శివా, నేను ఇందాక కాస్త గట్టిగా అన్నాను. ఏమనుకోకు.

పటమట శివ:
ఏం లేదు సార్.

బ్యారేజీ కుర్రాడు:
ఫ్రెండ్‌తో మాట్లాడాను. రేపు పొద్దున ల్యాబ్ డాక్టరు గారు రాగానే చెబుతానన్నాడు. ఆయన అబ్బాయిని పిలుస్తారు. అబ్బాయి రాకపోతే ఏం చెయ్యాలో ఆయన్నే అడుగుతాడట.

సత్యవతి గుంటూరు:
మంచిది. ఒకవేళ చెప్పాల్సి వస్తే డాక్టరు గారు ఆ అమ్మాయితోనే మాట్లాడాలి. వీధిలోవాళ్ళేగా, అమ్మాయి ఫోన్ నంబరు ఉందా మీ ఫ్రెండ్ దగ్గర?

బ్యారేజీ కుర్రాడు:
లేదక్కా. శుభలేఖ మీద రెండు నంబర్లున్నాయి. ఒకటి వాళ్ళ నాన్నది, ఇంకోటి బాబాయ్‌ది.